చెప్పాననుకున్న జవాబు

నేనేమన్నానని వదిన నాతో మాట్లాడటం మానేసింది?

పదకొండేళ్ళుగా మహేశ్వరి మోస్తున్న సందేహం ఇది. పొద్దున్నే దేవుని పటం ముందు దీపం వెలిగించి, పిల్లల చదువు కోసం, ఇంటాయన ఆటో కోసం మొక్కుకుని, చివరికి ఈ ప్రశ్న కూడా అక్కడే పెట్టి లేచేది. దేవుడు అన్నీ వింటాడంటారు. వినేవాడు ఎప్పుడో ఒకనాడు బదులివ్వడా అనుకునేది. అలా అనుకున్నందుకు వెంటనే చెంపలు వేసుకునేది. వదినతో తాను అన్న మాటలన్నీ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరి చూసుకుంది. నవ్వులాటకు అన్నవి, కోపంలో అన్నవి, పిల్లల మీద పెట్టి అన్నవి. మనసు విరిగేంత మాట ఒక్కటీ చేతికి తగల్లేదు.

కిందటి వారం ఆమెను అన్న రాజారాం ఇంటి ముందు, గేటు కొక్కెం మీద చెయ్యి వేసి నిలబడి ఉండగా వదిలి వచ్చాం. అంతవరకు ఆమెను నడిపించుకు వచ్చిన సంగతులు ఒకసారి తలుచుకుని, ఆ వెనకే మనమూ లోపలికి వెళదాం.

బాన్సువాడలో డాక్టర్ విజయ్‌కుమార్ నడిపే చిన్న దవాఖానలో చీటీలు రాసే పని మహేశ్వరిది. చిన్ననాటి నుంచి చుట్టిన బీడీలు మానేసి ఆ కుర్చీలో కూర్చుంది. రాత చక్కగా ఉంటుంది, లెక్క తప్పదు. తల మాత్రం ఎత్తదు. ఒళ్ళో చాట పెట్టుకుని, చేతుల మీద చూపు పెట్టుకుని మాట్లాడటం అలవాటైన మనిషి. నెల కింద తండా నుంచి ఫూల్‌సింగ్ అనే పెద్దాయన భార్యను తీసుకొచ్చాడు. ఆమెను లోపలికి తీసుకుపోయాక కౌంటర్ దగ్గరకు వచ్చి, "అమ్మా, ఎట్లున్నది ఆమెకు?" అని అడిగాడు. మహేశ్వరి రాస్తూనే ఉంది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె చీటీ చింపి పక్కవాళ్ళకు ఇచ్చింది. భార్య మీద ఇక ఆశ లేదనే ఫూల్‌సింగ్‌కు అర్థమైంది. బయటకు పోయి మెట్ల మీద కూర్చుని, తలపాగా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. సాయంత్రం నర్సు వచ్చి చూస్తే, లోపల భార్య ఇడ్లీ తింటూ, "మా ఇంటాయన యాడికి పోయిండు, చాయ్ తాగనీకె పోయి గింత సేపా?" అని తిడుతోంది.

అందరూ నవ్వుకున్నారు. డాక్టర్ నవ్వలేదు.

"ఆయన అడిగింది నువ్వు ఇన్నవా మహేశ్వరీ?"

"ఇన్న సార్."

"మరి చెప్పకపోతివి?"

ఆమెకు చెప్పినట్టే అనిపించింది. నోరు కదిలిన గుర్తు మాత్రం లేదు.

ఆ వారమే నిజామాబాద్ నుంచి యశస్వి అనే అమ్మాయి వచ్చింది. శనివారాలు మధ్యాహ్నం దవాఖాన వాళ్ళందరినీ కూర్చోబెట్టి, మనుషులతో ఎట్లా మాట్లాడాలో, ఎట్లా వినాలో చెబుతోంది. కళ్ళలోకి చూడమంటుంది. పేరు పెట్టి పిలవమంటుంది. మొన్నటి శనివారం ఇంటి పని ఇచ్చింది. "మాట తెగిపోయిన మనిషి ప్రతి ఒక్కరికీ ఒకరుంటరు. పోండి. ఒక్క ప్రశ్న అడగండి. వాళ్ళు చెప్పేది అయిపోయేదాకా మధ్యల పోవద్దు. కాదు అనొద్దు, కానీ అనొద్దు."

మహేశ్వరికి ఆ మనిషి ఎవరో వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

ఇంకొక కారణం కూడా ఉంది. ప్రతి రాఖీ పున్నానికి ఆమె అన్నకు ఆయన కిరాణా కొట్టులోనే రాఖీ కట్టేది. ఇంటికి రమ్మని ఆయన అనేవాడు కాదు, రానా అని ఆమె అడిగేది కాదు. పప్పు బస్తాల నడుమ నిలబడి కట్టి, నోట్లో ఇంత మిఠాయి పెట్టి, కాళ్ళకు మొక్కి వచ్చేసేది. ఈ ఏడాది రోడ్డు వెడల్పులో ఆ కొట్టు పోయింది. పున్నం వచ్చే వారమే. ఈ ఇంటి తలుపు తెరుచుకుంటే అన్న చేతికి రాఖీ ఉంది. లేకపోతే ఆ అన్నాచెల్లెళ్ళకు కలుసుకునే చోటే లేదు.

కోటగిరి వైపు ఆటో నడిపే భర్త దయానంద్ ఆమెను సందు మొదట్లో దించి, "కొడితె ఫోన్ చెయ్యి. గీ మలుపుల్నే ఉంట," అన్నాడు.

"ఒకవేళ కొట్టకపోతె?"

"గప్పుడు ఇంక జల్ది చెయ్యి. నేను గుడ వచ్చి చాయ్ తాగుత."

మహేశ్వరి కొక్కెం తీసింది.

వసారాలో వదిన గంగామణి గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. జుట్టు ముందుభాగం నెరిసింది. పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు, కత్తెర, ఆకు కొలతకు పెట్టే రేకుముక్క. నాపరాళ్ళు తీసి టైల్స్ వేశారు. ఇద్దరూ అవ్వ అని పిలిచిన అమ్మ మంచం ఉండే మూలలో వాషింగ్ మిషన్ నిలబడి ఉంది. దేవుని గూడు మాత్రం అక్కడే ఉంది, గూటి కింద ఏళ్ళనాటి నూనె మరకతో సహా. తడిసిన ఆకు వాసన ముక్కుకు తగలగానే మహేశ్వరికి సరాసరి వంటింట్లోకి పోయి, బిందె మీద మూత తీసి, ఎవరినీ అడగకుండా నీళ్ళు ముంచుకు తాగాలని ప్రాణం కొట్టుకుంది. పుట్టింట్లో ఆడపిల్ల నీళ్ళు అడిగి తాగుతుందా?

"ఎవరూ?" తల ఎత్తకుండానే అడిగింది గంగామణి.

"నేను, వదినా."

చుట్టే వేళ్ళు ఒక్క ఊపిరి సేపు ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"మీ అన్న ఇంట్ల లేడు. మద్నూర్ బస్సుకు బక్కమ్మత్త వస్తున్నదంటె బస్టాండుకు పోయిండు."

బక్కమ్మ మహేశ్వరి వాళ్ళ నాన్నకు చెల్లెలు. మద్నూర్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. ఆమె పేరు వినగానే మహేశ్వరి ఒక అడుగు వెనక్కి వేయబోయి ఆగింది.

"అన్న కోసం రాలె. నీ కోసమే వచ్చిన."

మహేశ్వరికి క్లాసు గుర్తొచ్చింది. ఎదురుగా పోయి నిలబడి, వంగి, వదిన కళ్ళలోకి సూటిగా చూసింది. యశస్వి చెప్పినట్టు పెదాల మీద చిరునవ్వు కూడా తెచ్చుకుంది.

"గంగామణి వదినా, మీరు బాగున్నారా? మీతో మాట్లాడడానికి నాకు చాలా సంతోషంగా ఉంది."

గంగామణి కింది నుంచి పైకి ఒకసారి చూసింది.

"ఏందే గట్ల గుడ్లు మిటకరిస్తున్నవ్? కౌన్సిలర్‌కు నిలబడుతున్నవా ఏంది? ఓట్లకొచ్చినోళ్ళే గిట్ల ఇగిలిస్తరు."

"అట్ల కాదు వదినా..."

"మీరంట, మీరు! ఎన్నడన్న నన్ను మీరన్నవా? కొట్లాటకొస్తె కొట్లాటకొచ్చిన అని చెప్పు. నాకు కార్ఖానాల మాల్ ఇచ్చేదున్నది."

నేర్చుకున్న చిరునవ్వు ముఖం మీద ఏం చేయాలో తెలియక అలాగే ఉండిపోయింది. మహేశ్వరి వసారా మెట్టు మీద కూలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. బయట రోడ్డు మీద ట్రాక్టర్ ఒకటి నారు కట్టలు వేసుకుని పోయింది.

ఎప్పుడు చెయ్యి చాపిందో మహేశ్వరికే తెలియదు. తడిగుడ్డ విప్పి ఆకు తీసింది. రేకు పెట్టి కత్తిరించింది. ఇంకొక ఆకు. ఈనె లేకుండా, అంచు చిరగకుండా. వేళ్ళకు అన్నీ గుర్తున్నాయి. కత్తిరించిన ముక్కలు గంగామణి మోకాలి పక్కన పేర్చింది, పెళ్ళికి ముందు పేర్చినట్టే. గంగామణి చెయ్యి వచ్చి అందులోంచి ఒక ముక్క తీసుకుంది. తీసుకున్నాకే, ఎవరు కోసిన ఆకో గుర్తించినట్టు ఆగింది. పారేయలేదు. తంబాకు పోసి చుట్టింది.

ఇప్పుడు ఇద్దరి చూపులూ చేతుల మీదే ఉన్నాయి. మహేశ్వరి నోటికి మాట దానంతట అదే వచ్చింది.

"వదినా, నేనేమన్న నిన్ను?"

"ఎన్నడు?"

"ఎన్నడో. అవ్వ పోయినప్పుడో, అటెంకనో. ఏదో అన్న. ఎంత ఎతికినా నాకు దొరుకుత లేదు. చెప్పు, నేనేమన్న?"

గంగామణి బీడీ కొన మడిచి పక్కన పెట్టింది.

"నువ్వేమన్లె."

"మరి?"

"ఏమన్లె. గదే నేను చెప్పేది."

అర్థం కాలేదు. 'కానీ' అనే మాట మహేశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. గంగామణి, చాటతో చెబుతున్నట్టు, మెల్లగా మొదలుపెట్టింది.

"అవ్వకు పక్షవాతం వచ్చినంక మింగుడు పోయింది. నిజామాబాద్‌ల డాక్టర్ నన్ను కూసోబెట్టి చెప్పిండు. ముక్కుల పైపుతోనే పొయ్యాలె, నోట్లె సుక్క నీళ్ళు పొయ్యొద్దు, పోస్తె ఊపిరితిత్తులల్లకు పోతయ్, పానం మీదికొస్తది అని. మీ అన్న బిల్లు కట్టనీకె కిందికి పోయిండు. ఇన్నది నేనొక్కదాన్నే. ఇంటికి తెచ్చినం. అవ్వకు ఏ మాటా సక్కగ రాకపోయేది గని, నీళ్ళు అనే మాట మాత్రం మంచిగ వచ్చేది. 'కోడలా, నీళ్ళే. కోడలా, జర నీళ్ళే.' పొద్దంత గదే మాట. తడిగుడ్డతోని పెదవులు తుడుస్తుంటి. గా గుడ్డను పండ్లతోని పట్టుకునేది. ఇడిపించుకోనీకె గుంజాల్సొచ్చేది మహేశ్వరీ. ముసలామె నోట్లకెళ్ళి గుడ్డ గుంజినదాన్ని నేను."

మహేశ్వరి చేతిలో కత్తెర ఆగింది. అప్పట్లో తాను కోటగిరి నుంచి వారానికొకసారి వచ్చి, తల్లి తల నిమిరి, తెచ్చిన పండ్లు వదినకిచ్చి, చీకటి పడకముందే పోయేది. వచ్చినప్పుడల్లా వదిన ఏదో ఒక పని చెప్పి తనను వంటింట్లోకి పంపేది. అమ్మ నీళ్ళడగడం తన చెవిన పడకుండా పంపేదని ఇప్పుడు తెలిసింది.

"ఆఖరు పొద్దు గుడ నీళ్ళే అడిగింది," గంగామణి అన్నది. "ఇగ పోతున్నదని నాకెర్కయింది. ఇంక డాక్టర్ మాటతోని పనేంది, తులసి నీళ్ళన్న పోద్దామని పెరట్లకు ఉరికిన. ఆకు తెంపుకొచ్చేవరకు అయిపోయింది."

గూటిలోని దేవుడు వింటూనే ఉన్నాడు. చివరి నీళ్ళు అందని ప్రాణానికి దారిలో దాహం తీరదని పెద్దవాళ్ళు అంటారు. మహేశ్వరి కూడా అది నమ్మే పెరిగింది. కాని రోజంతా తడిపిన ఆ పెదవులను దేవుడు లెక్కలోకి తీసుకోడా? దవాఖానలో రోజూ చూస్తోంది. నర్సు వచ్చి "నోట్లె నీళ్ళు పొయ్యొద్దు" అని చెప్పి పోతుంది. మంచం పక్కన కూర్చున్న మనిషి చెంబు దూరంగా పెట్టి, కళ్ళు తుడుచుకుంటుంది. అట్లాంటి వాళ్ళను ఎందరినో చూసింది. తన ఇంట్లోనే ఒకరు ఉన్నారని మాత్రం తెలియలేదు.

"పదో దినం బక్కమ్మత్త ఏమన్నది?" గంగామణి గొంతు గట్టిపడింది. "'నా వదినె నోరెండి పోయింది. ఇంట్ల బిందె నిండ నీళ్ళుండంగ నోరెండి పోయింది' అన్నది. వాడకట్టు ఆడోళ్ళందరి ముంగట. మీ అన్న తలకాయ ఒంచుకున్నడు. తెల్లారి నువ్వు నేను గీడనే కూసున్నం. కార్ఖానాల మాల్ ఇచ్చేదుండె. నువ్వు కట్టలు కడుతున్నవ్. నేను అడిగిన నిన్ను. 'మహేశ్వరీ, నేను జేసింది తప్పా?' అని."

మహేశ్వరి తల ఎత్తింది.

"నువ్వు లెక్కపెడుతున్నవ్. లెక్కల ఉన్న మనిషిని కదిలియ్యొద్దని నాకు తెల్వదా? ఆగిన. లెక్కయింది. దారం సుట్టినవ్. ముడేసినవ్. ఇగ చెప్తది అనుకున్న." గంగామణి చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు ఇంకో కట్ట అందుకున్నవ్."

ఆ పొద్దు మొత్తం మహేశ్వరి కళ్ళ ముందుకు వచ్చింది. గోడ నీడ, ఎర్ర దారం, అమ్మ మంచం ఎత్తేసిన చోట వెలిసిన నేల. వదిన ప్రశ్న. అవును, విన్నది. ఇన్నేళ్ళూ తాను అన్న మాటల్లోనే వెతికింది. అనకుండా వదిలేసిన చోట వెతకాలని తట్టనే లేదు.

వదిన ఇంకా చెప్పేది ఉందేమో, అడ్డం పోకూడదని మహేశ్వరి ఆగింది. గంగామణి చాట పక్కకు నెట్టింది.

"సూసినవా? గిప్పుడు గుడ ఊకున్నవ్. గిప్పుడు గుడ నీ నోట్లకెళ్ళి మాట రాదు. ఎందుకొచ్చినవే మరి? పుండు మీద పొక్కు గీకి పోనీకె వచ్చినవా?"

"అయ్యో వదినా, నువ్వు చెప్పేది అయిందో లేదో అని ఆగిన. మధ్యల పోవద్దన్నరు."

"ఎవలన్నరు?"

"మా దవాఖానకు వచ్చే పిల్ల. మాట్లాడుడు నేర్పుతది."

"మాట్లాడుడు నేర్పెటామె మాట్లాడొద్దని చెప్పిందా? ఎంతిస్తున్నరు ఆమెకు?"

ఏడుపు ముంచుకొస్తున్నా మహేశ్వరికి నవ్వు తన్నుకొచ్చింది. గంగామణి నవ్వలేదు గాని, ముఖం కొంచెం మెత్తబడింది. మహేశ్వరి మెట్టు మీది నుంచి జరిగి, వదిన మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"నేను ఇన్న వదినా, ఆ దినం. నువ్వు అడిగింది ఇన్న. లెక్కపెట్టుకుంటనే జవాబు చెప్పిన. నువ్వు తప్పు జేసుడేంది, నా కన్న ఎక్కువ జేసినవ్ అవ్వకు అని చెప్పిన. మనసుల చెప్పిన. చెప్పిన అనే అనుకున్న. గందుకే ఇంకో కట్ట తీసిన."

గంగామణి ఆమె ముఖంలోకి పరీక్షగా చూసింది.

"మనసుల చెప్తె నాకెట్ల ఇనొస్తదే?"

"మనోళ్ళకు చెప్పాల్నా అనిపిస్తది వదినా."

"దేవునికి గుడ గంట కొట్టి చెప్తం గదనే. ఆయనకు తెల్వకనా? నేను మనిషిని. నాకు తెల్వది." కొంచెం ఆగి, "నిజం చెప్పు. బక్కమ్మత్త అన్న మాట నీకు ఒక్కపారి గుడ అనుమానం పుట్టియ్యలె?" అంది.

అబద్ధం చెప్పడం సులువు. పక్కనే దేవుని గూడు ఉంది.

"ఒక్క రాత్రి పుట్టింది. తెల్లారి నువ్వు అవ్వ చీరెలు ఉతికి మడతలు పెడుతుంటె సూసిన. పోయింది. మల్ల రాలె."

గంగామణి నెమ్మదిగా తల ఊపింది. ఆ ఒక్క రాత్రి సంగతి దాచి ఉంటే మిగతాది ఆమె నమ్మేది కాదేమో. చెంగుతో కళ్ళు అద్దుకుంది.

"నిన్ను మర్చిపోయిన అనుకున్నవా?" అంది. "రాఖీ పున్నం వచ్చినప్పుడల్ల మీ అన్న చేతికి రాఖీ ఏసుకుని ఇంటికొస్తడు. అది ఏ రంగుదో సూస్త. నువ్వు పోయినేడు కట్టింది ఊదారంగుది. రమ్మందామని గేటు దాక వచ్చిన రెండేండ్లున్నయ్. నీకు నా మీద నమ్మిక లేదు, నేను పిలిస్తె వస్తవా అని మల్ల లోపటికి పోయిన."

"నేను గుడ మలుపు దాక వచ్చి పోయిన వదినా."

"పిచ్చిదానివి."

"మనిద్దరం."

మహేశ్వరి చెయ్యి చాపి వదిన చెయ్యి పట్టుకోబోయింది. గంగామణి చెయ్యి ఇవ్వలేదు. వెనక్కి తీసుకుని చాట మీద పెట్టుకుంది.

"గిప్పుడు నా ఒక్కదాని చెవ్వుల చెప్పినవ్. మంచిదే. కడుపు సల్లగయింది. గని బక్కమ్మత్త అన్నది పదిమంది ముంగట. పదిమంది ముంగట నువ్వు ఊకున్నవ్. గా పదిమంది ఇయ్యాల్టికి గుడ పెండ్లిల్ల బంతిల కూసుంటె, నేను నీళ్ళు పోస్తుంటె ఒకర్నొకరు సూసుకుంటరు మహేశ్వరీ. నీకెర్కనా? నేను బంతుల నీళ్ళు పోసుడు బంద్ చేసిన."

దానికి మహేశ్వరి ఏదో అనబోయింది. అంతలో గేటు దగ్గర బండి ఆగిన చప్పుడైంది.

రాజారాం బండి దిగి చెల్లెల్ని చూశాడు. చేతిలో తాళంచెవి అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. వెనక నుంచి బక్కమ్మ, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో చేతికర్ర పట్టుకుని మెల్లగా దిగింది. ఎనభై ఏళ్ళ మనిషి. గొంతు మాత్రం ఇంకా ముసలిది కాలేదు.

"అగ్గబాయి! ఎవలూ, మహేశ్వరేనా? గీ గడప తొక్కినవా బిడ్డా? సూర్యుడు ఎటుదిక్కు పొడిసిండు ఇయ్యాల?"

ఆ గొంతు విని పక్కింటి రాధాకుమారి గోడ మీదుగా తొంగి చూసింది. మద్నూర్ అత్త వచ్చిందంటే వాడకట్టుకు కబుర్లు వచ్చినట్టే. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు, చేతుల్లో చాటలతోనే, గేటు లోపలికి వచ్చి అరుగు మీద సర్దుకున్నారు. వాళ్ళలో ఆనాటి పదో దినం ఉన్నవాళ్ళూ ఉన్నారు. రాజారాం కుర్చీ తెచ్చి వేశాడు. చెల్లెల్ని రమ్మనాలో, ఎందుకొచ్చావనాలో తెలియని మనిషిలాగా భార్య ముఖం చూశాడు. గంగామణి ఏమీ తెలియనివ్వలేదు. లేచి లోపలికి పోయింది.

బక్కమ్మ కుర్చీలో కూర్చుని, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుంది.

"మంచిగయింది, అందరు ఉన్నరు. నువ్వు గుడ ఉన్నవు. నేను ఊకె రాలే రాజారాం. నీ అవ్వ పోయే ముంగట వారం నేనొచ్చి పోయిన, యాదికున్నదా? గప్పుడు నా వదినె నా చెయ్యి పట్టుకుని ఒక మాట చెప్పింది. మాట సక్కగ రాకపోయినా చెప్పింది. నా ఒక్కదానికే. గిన్నేండ్లు కడుపుల పెట్టుకున్న. ఇగ నాకు గుడ పిలుపు వచ్చేటట్టున్నది. చెప్పి పోదామని వచ్చిన."

"ఏం మాట అత్తా?" రాజారాం అడిగాడు.

"చెప్త. జర నీళ్ళు తాగనీయి."

గంగామణి గ్లాసుతో వచ్చింది. రెండు చేతులతో అందించింది. బక్కమ్మ గ్లాసు అందుకుని, నోటి దగ్గరకు తీసుకుపోబోయి, ఆపి, చుట్టూ ఉన్న ఆడవాళ్ళ వంక ఒకసారి చూసి నవ్వింది.

"నాకైతె నీళ్ళు మంచిగనే ఇస్తున్నవు కోడలా."

అరుగు మీద చుట్టే చేతులు ఆగాయి. రాధాకుమారి చూపు దించుకుంది. పక్కామె నోరు కొంగుతో కప్పుకుంది. రాజారాం తాళంచెవి వంక చూస్తూ నిలబడ్డాడు. గంగామణి ఖాళీ చేతులతో, ఎటు కదలాలో తెలియక, అత్త కుర్చీ పక్కనే ఉండిపోయింది. ఆ ముఖంలో కోపం లేదు. అలవాటు పడిన మనిషి ముఖం అది.

మహేశ్వరి ఆ ముఖం చూసింది. వదినకు బాకీ ఉన్న మాట ఇప్పుడు పైకి అంటే అత్త లేచి పోవచ్చు. తల్లి చెప్పిన ఆ చివరి మాట ఏమిటో అత్తతోనే మద్నూర్ బస్సు ఎక్కి పోవచ్చు. అన్నకు కోపం రావచ్చు, వచ్చే వారం తలుపు మూసే ఉండవచ్చు. మనసులో ఒక జవాబు అప్పుడే తయారై కూర్చుంది, ఎప్పటిలాగే, చెప్పడం అయిపోయినట్టే. మహేశ్వరి కూర్చున్న చోటు నుంచి లేచింది. ఒళ్ళోని ఆకు ముక్కలు జారి నేల మీద పడ్డాయి. నడిచి వెళ్ళి బక్కమ్మ ముందు కాదు, వదిన ముందు నిలబడింది.

"వదినా," అంది, అరుగు చివరన ఉన్న ఆమెకు కూడా వినపడేటట్టు, "అవ్వ పోయినప్పుడు నువ్వు నన్నొక మాట అడిగినవ్. నేను జేసింది తప్పా అని. నేను జవాబియ్యలె. నోట్లె నీళ్ళు పోస్తె పానం పోతదని డాక్టర్ చెప్పిండు, గందుకే పోయలె. అవ్వ అడిగినప్పుడల్ల నీ కడుపు కాలింది, అయినా పోయలె. బతికించుకుందామని పోయలె. నువ్వు జేసింది తప్పు కాదు వదినా. అప్పుడు గుడ కాదు, ఇప్పుడు గుడ కాదు."

బక్కమ్మ చేతిలో గ్లాసు గాల్లోనే, చెప్తానన్న మాట ఆమె కడుపులోనే ఉండిపోయాయి.

లెక్కలో ఉన్న మనిషిలాగా గంగామణి పెదవులు కదిలాయి. తరువాత తల పైకెత్తి, అరుగు మీద ఉన్న వాళ్ళ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసి, ఆడబిడ్డ వైపు తిరిగింది.

"ఆఁ," అంది. "ఇన్న."